నోట్లో అడ్డగీత

నా కుడిచెయ్యి ఇప్పుడు లేస్తోంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో నాలాంటి అచ్చాఫీసు మనుషులుంటారు, వాళ్ళకి మధ్యలో గుండె జారిపోకూడదు. అయితే చెయ్యి లేచినంత మాత్రాన భయం పోయిందనుకోకండి. సగం ఆ భయాన్ని అదుపులో పెట్టుకోవడానికే రాస్తున్నాను. మిగతా సగం, నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకడు చెయ్యకుండా ఉండడానికి. నాది మామూలు తెలివితక్కువతనం కాదు, చూసినవాళ్ళందరూ మెచ్చుకున్న తెలివితక్కువతనం.

నా పేరు సైదులు. మా తాతలు దూది ఏకారు, మా నాన్న పత్తి మిల్లులో బేళ్ళు మోశాడు, నేను గుంటూరులో ఒక అచ్చాఫీసులో కంపోజిటర్‌గా చేరాను. కేసు అనే గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలను కుడిచేత్తో ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలో పట్టుకున్న ఇనప స్టిక్కులో పేర్చుకుంటూ పోవడం మా పని. తెలుగు కూర్చేవాళ్ళు నలుగురుండేవారు. ఇంగ్లీషు పని నాది: పొగాకు కంపెనీల నోటీసులు, కాలేజీ పరీక్ష పేపర్లు, కోర్టు కాగితాలు. నాకు ఇంగ్లీషు అర్థం తెలియదు. కూడబలుక్కుని పైకి చదవగలను, అంతే.

ఇంగ్లీషుతో తంటా అంతా లైను చివర వస్తుంది. పొడుగు మాట అక్కడ పట్టదు. దాన్ని రెండుగా విరిచి, సగం పైన ఉంచి, పక్కన అడ్డగీత వేసి, మిగతా సగం కింది లైనులోకి దించాలి. విరవకుండా మాట మొత్తాన్ని కిందికి తోస్తే పై లైను పళ్ళూడిన నోరులా కనిపిస్తుంది, యజమాని తిడతాడు. ఎక్కడ పడితే అక్కడ విరిస్తే ప్రూఫులు దిద్దే జోసెఫ్ మాస్టారు ఎర్రసిరాతో కొట్టేస్తారు.

జోసెఫ్ మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మంచివారే గానీ ఎర్రసిరా దగ్గర మొహమాటం లేదు. నా పేజీలు దిద్దీ దిద్దీ విసుగొచ్చి ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"చూడు సైదులూ, తెలుగు మాటలో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికుంటుంది. ఇంగ్లీషు మాట అలా కాదోయ్. అందులో ఒక ముక్క దొర, మిగతావి బంట్రోతులు. ముందు దొర ఎక్కడున్నాడో పట్టుకో. బంట్రోతులు ఎక్కడ నిలబడాలో ఆ తర్వాత అదే తెలుస్తుంది."

"పట్టుకోవడం ఎట్లా మాస్టారూ? నాకు మాటే తెలియదాయె."

గడ్డం కింద వేలు ఆనించుకోమన్నారు. 'పరీక్ష'కి ఇంగ్లీషు మాట నెమ్మదిగా అనిపించారు: ఎగ్, జా, మి, నే, షన్. గడ్డం అయిదుసార్లు దిగింది. అయిదు ముక్కలన్నమాట. "ఇప్పుడు మామూలుగా అను. ఎక్కడ బరువుగా దిగింది?" అన్నారు. 'నే' దగ్గర అన్నాను. షన్ అని ముగిసే మాటల్లో దొర ఎప్పుడూ దాని ముందు ముక్కలోనే ఉంటాడని చెప్పారు. రికార్డు అనే మాట చూపించారు. కాగితాల కట్ట అనే అర్థంలో అయితే బరువు మొదటి ముక్క మీద పడుతుంది, 'సి' అక్షరం పై లైనులో ఉండిపోతుంది. రాసిపెట్టడం అనే అర్థంలో అయితే బరువు రెండో ముక్క మీద పడుతుంది, అప్పుడు అదే 'సి' కిందికి దిగుతుంది. ఒకే మాట రెండు చోట్ల విరగడం నాకు గారడీలా అనిపించింది. అప్పటినుంచీ ఇంగ్లీషంటే పిచ్చి పట్టింది.

వేలు పెట్టుకోవడం మాస్టారికి బాగానే ఉంటుంది, ఆయన చేతులు ఖాళీ. నాకు ఒక చేతిలో స్టిక్కు, ఒక చేతిలో అక్షరం. ప్రతి పొడుగు మాటకీ చెయ్యి ఖాళీ చేసుకుని గడ్డం పట్టుకుంటే పని తెమలదు. ఎటూ మాట విరిచాక వెయ్యాల్సింది అడ్డగీతే కదా అని, ఆ సీసపు ముక్కను ముందే కిందిపెదవికీ పళ్ళకీ మధ్య ఇరికించుకోవడం మొదలుపెట్టాను. మాటను లోలోపల అనుకుంటుంటే పెదవి కదిలి ఆ సీసం కొస ఊగేది. ఎన్ని ఊపులైతే అన్ని ముక్కలు. బరువు ముక్క దగ్గర ఎక్కువ దిగేది. చోటు దొరకగానే నోట్లోంచి తీసి స్టిక్కులో పెట్టేసేవాణ్ణి. మరో నాలుగైదు ముక్కలు వక్కపలుకుల్లా బుగ్గన ఉండేవి.

రెండేళ్ళు తిరిగేసరికి నా పేజీల మీద ఎర్రసిరా పడడం మానేసింది. యజమాని పక్క ఊళ్ళ అచ్చాఫీసు వాళ్ళని పిలిచి మరీ నా పని చూపించేవాడు. మా ఆవిడ మీరాబీ తమ్ముడు ఖాసిం అక్కడే తెలుగు కూర్చేవాడు. పాతికేళ్ళవాడు, చురుకైనవాడు. వాణ్ణి ఇంగ్లీషులోకి దించుదామని ఈ విద్య వాడికీ నేర్పాను. దగ్గర కూర్చుని, పెదవి ఎట్లా బిగించాలో చూపించి మరీ నేర్పాను.

యాభై ఎనిమిది మార్చిలో కడుపునొప్పి మొదలైంది. మా వీధిలో మిరపకాయల బళ్ళు బారులు తీరి పోతున్న రోజులు, ఊరంతా తుమ్ముతూ తిరిగేది. నాకు తడిబట్ట పిండినట్టు కడుపు మెలిపెట్టేది. రెండు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. నోట్లో ఎప్పుడూ ఒక తియ్యటి ఇనప రుచి. ముఖం పాలిపోయింది. వీధి డాక్టరు పొట్ట నొక్కి చూసి, "గొడ్డుకారం తినే ఊళ్ళో కడుపునొప్పికి వేరే కారణం వెతకాలటయ్యా? కారం మానెయ్" అన్నాడు. మానేశాను. గుంటూరులో పుట్టినవాడు చప్పిడి పప్పు తినడం కన్నా పస్తుండడం నయం. మీరాబీ దర్గాకి వెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చింది. కారం లేదు, తాయెత్తు ఉంది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా పళ్ళ మధ్య ఉన్న ముక్కను ఇంకా గట్టిగా కొరికేవాణ్ణి.

మే నెలలో ఒక ఉదయం కేసు ముందు నిలబడి అక్షరం తియ్యబోయాను. మోచెయ్యి లేచింది, మణికట్టు లేవలేదు. అరచెయ్యి తడిసిన తువ్వాలులా వేలాడింది. ఎడమచేత్తో పైకెత్తి వదిలాను. మళ్ళీ వాలిపోయింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఏంది బావా, చేతికి నిద్రొచ్చిందా?" అని ఖాసిం నవ్వాడు. నా ముఖం చూసి వెంటనే ఆపేశాడు.

మా ఇంటిగలావిడ పెద్దమనిషి. నా చెయ్యి చూసి అరుగు దిగి రెండడుగులు వెనక్కి వేసింది. "నొప్పి లేకుండా చెయ్యి వాలిందంటే అది పెద్దరోగమే. మా చిన్నత్త మొగుడికి ఇట్లాగే మొదలైంది" అంది. కుష్ఠు అనే మాట ఆవిడ నోటితో అనలేదు. మా వైపు ఎవరూ అనరు. నాకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ మాట మీరాబీ కూడా విన్నది. మర్నాడు నాకు అన్నం వేరే కంచంలో పెట్టింది. అది కొత్త కంచం.

"ఏందిది?"

"ఏం లేదు. ఎడమచేత్తో తింటున్నావుగా, వీలుగా ఉంటదని."

ఆమె నా వంక చూడలేదు. మా మూడేళ్ళ పిల్ల నూర్జహాన్ నా ఒళ్ళోకి రాబోతే ఏదో పని ఉన్నట్టు పిలిచి తీసుకుపోయింది. నాకు తిక్క రేగింది. నన్ను చూసి జడుసుకుంటున్నావా అని అరిచాను.

"జడుసుకుంటున్నా. జడుసుకోనా?" అంది. "నీకేమో పౌరుషం, నాకేమో పిల్ల. ఆసుపత్రికి పోదాం పదయ్యా. అదైతే అదని తెలుస్తది, కాకపోతే కాదని తెలుస్తది."

నేను వెళ్ళలేదు. అక్కడ పేరు రాయించుకుంటే ఇక ఊళ్ళో బతుకు అయిపోయినట్టే. పని ఎవరిస్తారు? పిల్లని రేపు ఎవరు చేసుకుంటారు? పదకొండు రోజులు మొండికేశాను. ఆ పదకొండు రోజులూ నా ఒంటి మీద మచ్చలు వెతుక్కున్నాను. దోమ కుట్టిన చోటు కనిపించినా గిల్లి చూసుకునేవాణ్ణి. మీరాబీ ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు. పిల్లని మాత్రం చంక దించలేదు.

జూన్‌లో వెళ్ళాం. ఊరి చివర పెద్దరోగం ఆసుపత్రి, రేకుల వరండా. తలకి తువ్వాలు చుట్టుకుని ముఖం సగం కప్పుకున్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది నాలాగే ముఖాలు కప్పుకుని ఉన్నారు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. పేర్లు పిలిచినప్పుడు లేచి వెళ్ళేవాళ్ళ పాదాలకేసే చూస్తూ కూర్చున్నాను. నా పేరు ఎప్పుడు పిలుస్తారోనని భయం. నా పేరు వేరే ఎవరైనా వింటారేమోనని ఇంకా భయం.

నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. ఆమె చేతివేళ్ళు చాలావరకు లేవు. రెండు అరచేతుల మధ్య మజ్జిగ చెంబు పట్టుకుని నా వైపు చాపింది. ఎండన పడి వచ్చాం, మీరాబీ పెదవులు కూడా ఎండిపోయి ఉన్నాయి. నేను చెయ్యి చాపలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చాపలేదు. ఆవిడకి కోపం రాలేదు.

"తాగొద్దులే బాబూ. ఆ వాలిన చెయ్యి చెంబుకి ఆనించు చాలు."

ఆనించాను.

"చల్లగుందా?"

"ఉందమ్మా."

ఒక్కో వేలూ ఆనించమంది. అన్నిటికీ చల్లగానే తగిలింది. ఆవిడ చెంబు తిరిగి ఒళ్ళో పెట్టుకుంది. "చల్లన తెలిసి నాకు పదేళ్ళయింది. నీది ఇది కాదయ్యా. ఊరికే బెదురుకోమాకు" అంది. ఇంకో పేరు పిలిచారు, ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆవిడ పేరు అప్పుడైనా సరిగా వినాల్సింది. వినలేదు.

డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమని సూదితో అక్కడా ఇక్కడా పొడిచారు. ప్రతి పోటూ తెలిసింది. ఇది కుష్ఠు కాదన్నారు. మీరాబీ అక్కడే గోడకి ఆనుకుని కిందికి కూలబడి, అన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. డాక్టరుగారు మాత్రం నన్ను వదల్లేదు. ఏం పని చేస్తావని అడిగారు. అక్షరాలు కూరుస్తానన్నాను. కిందిపెదవి లాగి చిగుళ్ళు చూశారు.

"ఈ నల్లగీత ఎప్పటినుంచి ఉంది?"

నాకు తెలియదు. "పొగాకు గూడా నమలడండి" అంది మీరాబీ.

"నోట్లో ఏం పెట్టుకుంటావు?"

చెప్పాను. ఆ స్థితిలో కూడా కాస్త గర్వంగానే చెప్పాను సుమండీ. చొక్కా జేబులో ఒక అడ్డగీత ఉంటే తీసి, పెదవికి బిగించి, ఎగ్జామినేషన్ అనే మాట విరిచి చూపించబోయాను. 'మి' దాకా వచ్చేసరికి ఆయన నా నోట్లోంచి దాన్ని లాగేశారు.

"సీసం తింటున్నావయ్యా నువ్వు. ఏళ్ళ తరబడి సీసం తింటున్నావు. ఈ నొప్పీ, ఈ చెయ్యీ, ఈ గీతా అంతా అదే."

"చెయ్యి వస్తుందాండీ?"

"రావచ్చు. రాకపోనూ వచ్చు. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే చేతితో పోయేది కాదు."

మీరాబీ ఇంకా ఏడుస్తూ అల్లాకి మొక్కుకుంటోంది. పెద్దరోగం కాదు, ఆమెకి అంతే చాలు. నాకు మాత్రం ఒక్కటే మాట బుర్రలో గిర్రున తిరిగింది: ఖాసిం.

రిక్షా ఎక్కి తిన్నగా అచ్చాఫీసుకి పోయాను. ఖాసిం నా కేసు ముందు నిలబడి ఉన్నాడు. నేను మూలపడ్డాక ఇంగ్లీషు పని వాడికిచ్చారు. వాడి పెదవుల మధ్య అడ్డగీత ఊగుతోంది. నేను చెప్పాల్సింది నోటితో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. భయంతో ఎడమచెయ్యి ఎత్తి వాడి చెంప మీద కొట్టాను. ముక్క ఎగిరి నేల మీద పడింది. వాడి పెదవి చిట్లింది. తెలుగు కేసుల దగ్గర వాళ్ళందరూ చూస్తున్నారు.

"నీ పని నాకిచ్చారని కుళ్ళు బావా నీకు" అన్నాడు వాడు.

"ఒరేయ్, అది విషం రా. డాక్టరు చెప్పాడు."

"నాకు కడుపునొప్పి లేదు, చెయ్యీ వాలలేదు. నువ్వు నేర్పిందేగా? అప్పుడు విద్య, ఇప్పుడు విషమా?"

వారం తిరక్కుండా వాడు వినుకొండలో ఒక అచ్చాఫీసుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఇంగ్లీషు కూర్చే మనిషి లేడట, ఎగిరి గంతేసి తీసుకున్నారు. తమ్ముణ్ణి నలుగురిలో కొట్టానని మీరాబీ నాతో మాట్లాడడం తగ్గించేసింది. ఒకటికి రెండుసార్లు వాడికి ఉత్తరం రాశాను. జవాబు లేదు.

వానలు పడ్డాయి, పత్తి పూసింది, నేను ఇంట్లో కూర్చున్నాను. మీరాబీ ఒక మిరపకాయల కొట్లో తొడిమలు తియ్యడానికి పోయేది. సాయంత్రం వచ్చేసరికి ఆమె అరచేతులు నిప్పుల్లా మండేవి, ఆ చేతులతో పిల్లని ముట్టుకోలేక మోచేతులతో ఎత్తుకునేది. అది చూస్తూ కూర్చోవడం కన్నా ఆ కడుపునొప్పే నయమనిపించేది. రోజూ పొద్దున్నే కళ్ళు తెరవకుండానే మణికట్టు ఎత్తాలని చూసేవాణ్ణి. లేచేది కాదు. ఇవాళ్టికి ఇంతే అనుకుని కళ్ళు తెరిచేవాణ్ణి. ఈ జన్మకి ఇంతేనేమో అన్న మాట వెనకాలే వచ్చేది.

జోసెఫ్ మాస్టారు వారానికి మూడు నాలుగుసార్లు వచ్చేవారు. ఒక చెక్కముక్క చదునుగా చెక్కించి తెచ్చి, చెయ్యి వాలిపోకుండా దానికి కట్టేవారు. కట్టి, వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని ఎత్తి దించేవారు. ఒకరోజు, "వేలు పెట్టుకోమన్నాను గదోయ్, వేలు. నువ్వు నోట్లో పెట్టుకోవడం నేను రోజూ చూశాను. చూసి మురిసిపోయాను. ఇంత చదువు చదివి నాకు తట్టలేదు" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీ తప్పేం లేదు మాస్టారూ అన్నాను. అది నిజమే కూడా.

డిసెంబరులో చూపుడువేలు కదిలింది. సంబరపడడానికి కూడా భయపడ్డాను, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. జనవరి చివరికి మణికట్టు సగం దాకా లేచింది. మీరాబీ చూసి నా చెయ్యి తన మంటచేతుల్లోకి తీసుకోబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది. పర్వాలేదు పట్టుకో అన్నాను. మంట పుట్టింది. పట్టుకోనిచ్చాను.

ఫిబ్రవరిలో ఖాసిం నుంచి కార్డు వచ్చింది. నాకు కాదు, వాళ్ళక్కకి. ఆమెకి చదవడం రాదు గనక నేనే చదివాను. వినుకొండ బాగుందని, పని ఎక్కువగా ఉందని రాశాడు. ఈమధ్య ఒంట్లో బాగుండడం లేదు, కారం మానేశానక్కా అని చివర ఒక ముక్క రాశాడు.

ఆ ముక్క రెండోసారి చదువుకున్నాను. మీరాబీ నా ముఖం చూసి ఏందయ్యా అంది. చెప్పాను. "మరి కూర్చున్నావేంది?" అంది. నేను తువ్వాలు భుజాన వేసుకుని బస్సు ఎక్కాను. ఆ దారంతా ఖాసిం చేతులే కళ్ళ ముందు. నా చెయ్యి పోతే అది నా ఒక్కడి నష్టం. వాడికి పోతే ఆ చెయ్యి నేను తీసినట్టు.

నన్ను చూడగానే వాడు తల తిప్పుకున్నాడు. ముఖం తెల్లసున్నంలా ఉంది. "ఇంకోసారి కొట్టడానికొచ్చావా?" అన్నాడు.

"కొట్టను. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. నాతో రా."

పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడలేదు. అప్పుడు తెలిసింది, వాడు నాకన్నా ఎక్కువ భయపడుతున్నాడని. బస్సులో నొప్పి వచ్చి ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను, కుడిచెయ్యి.

అదే వరండా, అదే డాక్టరుగారు. ఈసారి నేను ముఖం కప్పుకోలేదు. చిగుళ్ళు చూశారు. గీత ఉంది. రెండు చేతులూ ముందుకి చాపమన్నారు. ఖాసిం చాపాడు. నేను అటు చూడలేక గోడకేసి చూశాను. కాసేపటికి చూడక తప్పలేదు. రెండు చేతులూ నిలబడ్డాయి. వణుకుతున్నాయి, కానీ వాలలేదు.

"సమయానికి తెచ్చావు" అన్నారు డాక్టరుగారు. "రెండు మూడు నెలలు ఆ సీసం దరిదాపులకి పోవద్దు. తర్వాత పోయినా నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతులు కడుక్కోకుండా ముద్ద ముట్టకూడదు."

నా చెయ్యి వాలినప్పుడు నేను ఏడవలేదు, లేచినప్పుడూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. ఖాసిం నన్ను వరండాలోకి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. వాడూ పక్కనే కూర్చున్నాడు.

"మరి రేపు పనిలోకి పోయాక, లైను చివర పెద్ద మాటొస్తే ఎట్లా విరవాలి బావా?"

"విరవొద్దురా. మొత్తం కిందికి తోసెయ్. లైను ఖాళీగా పోతే పోనీ."

"తిడతారుగా."

"తిట్టనీ" అన్నాను.